అమ్మ నీలం పూల చీర స్కర్టయింది, కానీ బీరువా దాటడం లేదు

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి. రాసినావిడ వయసు 39. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. పుట్టిల్లు కలంకారీ అచ్చు బట్టలకి పేరున్న పెడన దగ్గర ఒక పల్లె. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. చీరలు పంచుకున్నప్పుడు ఈవిడ పట్టుచీరలేవీ అడగలేదు. అమ్మ పదేళ్లపాటు ఇంట్లో కట్టుకున్న నీలం పూల కలంకారీ కాటన్ చీర ఒక్కటి అడిగి తెచ్చుకున్నారు. కుచ్చిళ్ల కింద అంచు చీకిపోయింది, చీరగా కట్టుకునే పరిస్థితి లేదు. అందుకని ఇంటి దగ్గర టైలర్‌కిచ్చి చీలమండల దాకా ఉండే స్కర్ట్ కుట్టించుకున్నారు. బట్ట మెత్తగానే ఉంది కదా అని టైలర్ లైనింగ్ వేయలేదు. నడుం పట్టీకి మాత్రం తన దగ్గరున్న కొత్త ముదురు నీలం గుడ్డ వేశాడు.

కష్టాలు అక్కణ్ణించే మొదలయ్యాయి. నడుం చుట్టూ దట్టంగా కుచ్చులు పెట్టడంతో, వేసుకుంటే డ్రమ్ములా ఉన్నాననిపిస్తోందట. రెండో కాన్పు తర్వాత పెరిగిన పొట్ట తగ్గలేదు, ఈ స్కర్ట్ దాన్ని ఇంకా ఎత్తి చూపిస్తోందంటారు. ఒకరోజు తెల్ల కుర్తీతో ఆఫీసుకి వేసుకెళ్తే ఏసీకి సాయంత్రం దాకా కాళ్లు గడ్డకట్టాయి. ఇంటికొచ్చి చూసుకుంటే కుర్తీ లోపలివైపు, నడుం దగ్గర నీలం మరకలు. భర్త చూసి "నైటీలా ఉంది" అన్నారు. వెక్కిరింపుగా కాదు, మామూలుగానే అన్నారట, కానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. పిన్ని రెండు మాటలన్నారు. పోయినవాళ్ల చీరకి కత్తెర పెడతారా అని ఒకటి, ఈ వయసులో పరికిణీ ఏమిటని ఇంకొకటి. స్కర్ట్ మీదకి బాగుంటాయని ఆన్‌లైన్‌లో ఐదు టాప్‌లు కొన్నారు. నలుపు, గులాబీ, ఆకాశనీలం, పసుపు, ఒకటి పూలది. ఏదీ కుదర్లేదు. మూడు నెలలుగా స్కర్ట్ బీరువాలోనే ఉంది. ఆదివారం పూట తీసి, మంచం మీద పరిచి, కాసేపు చూసుకుని మళ్లీ మడత పెట్టేస్తున్నారు.

"చలికాలంలో ఇంట్లోనూ ఆఫీసులోనూ వెచ్చగా, హాయిగా, అమ్మ పక్కన కూర్చున్నట్టు ఉండాలని కుట్టించుకున్నాను అక్కా. దీని మీదకి ఏం వేసుకోవాలో చెప్పండి. పెట్టెలో పెట్టేయమంటే పెట్టేస్తాను" అని అడిగారు. ఉత్తరం ముగిశాక కింద ఇంకో మాట రాశారు: "చీర కత్తిరించే ముందు మా అక్కని అడగలేదు. అప్పట్నుంచి తను ముభావంగా ఉంటోంది."

అక్కా అని పిలిచారు కాబట్టి చనువుగానే మాట్లాడతాను. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి బట్టల కోసం చదివాను. రెండోసారి పిన్నిగారి దగ్గర ఆగాను. మూడోసారి ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఐదు టాప్‌లు కొన్నా ఒక్కటీ కుదరలేదంటే కొంత తప్పు రంగులది, కొంత తప్పు కుట్టుది. మిగిలింది ఆ చివరి మాటలో ఉందని నాకనిపిస్తోంది. అద్దం ముందు నిలబడిన ప్రతిసారీ అక్క ముఖం గుర్తొస్తుంటే ఏ రంగు నప్పుతుంది చెప్పండి? ఆ సంగతి మీరు చివర్లో రాశారు, నేనూ చివరికే వస్తాను. ముందు సులువుగా విడిపోయే ముళ్లు విప్పుదాం.

కత్తెర మాట చూద్దాం. మా అమ్మమ్మ ఇంట్లో ఒక బొంత ఉండేది. నాలుగైదు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, పెద్ద సూదితో వరసలు వరసలుగా కుట్టిన బొంత. పడుకునే ముందు ఆ కుట్ల వెంట వేలు నడిపించడం నాకు అలవాటు. ఒకచోట కుట్టు విడిపోయి లోపల్నించి ఆకుపచ్చ గళ్ల చీర కొంచెం బయటికి కనిపించేది. అది అమ్మమ్మ అత్తగారి చీరట. ఆవిణ్ణి నేను చూడలేదు. ఆవిడ గురించి నాకు తెలిసిందల్లా అరచేతి వెడల్పున్న ఆ గళ్ల బట్టే, అదీ చీకట్లో చేత్తో తడిమి.

మన ఇళ్లలో మెత్తబడిన చీరకి కత్తెర ఎప్పుడూ పడుతూనే ఉంది. పుట్టిన బిడ్డకి పొత్తిగుడ్డలు అమ్మమ్మల పాత చీరల్లోంచి చింపినవే. ఉయ్యాల కట్టేదీ చీరతోనే. పోయినవాళ్ల బట్టల విషయంలో ఒక్కో ఇంటిది ఒక్కో పద్ధతి, కాదనను. కొందరు ఇచ్చేస్తారు, కొందరు దాచుకుంటారు. మీ ఇంట్లో చీరలు పంచుకున్నారు కాబట్టి మీ వాళ్లకి ఆ చీరలు కట్టుకోవడంలో అభ్యంతరం లేనట్టే. అలాంటప్పుడు కట్టుకోవడానికి వీల్లేకుండా పోయిన చీరని వేసుకోవడానికి వీలుగా మార్చుకుంటే తప్పేముంది?

అయినా పిన్నిగారితో వాదించమని చెప్పను. మీకు పోయింది అమ్మ. ఆవిడకి పోయింది అక్క. ఆవిడ కళ్లకి కనిపిస్తున్నది స్కర్ట్ కాదేమో, ముక్కలైన తన అక్క చీరేమో. మీకు రెండు దారులున్నాయి. ఆవిడ ఎదురుగా ఆ స్కర్ట్ వేసుకోకుండా ఉండొచ్చు. అప్పుడు గొడవ ఉండదు గానీ ఆవిడ వచ్చిన ప్రతిసారీ దాచుకోవాలి, దాచిన కొద్దీ తప్పు చేశామన్న భావన పెరుగుతుంది. లేదంటే ఇంట్లో మీరిద్దరే ఉన్న పూట స్కర్ట్ ఆవిడ చేతిలో పెట్టి, "ముట్టుకుని చూడు పిన్నీ, ఇంకా అలాగే మెత్తగా ఉంది" అనొచ్చు. ఆవిడ ఏడవొచ్చు, కోప్పడొచ్చు, ఆ చీర ఎప్పుడు ఎక్కడ కొన్నారో మీకు తెలియని కథ కూడా చెప్పొచ్చు. నేనైతే ఇదే చేస్తాను. వయసు మాటకి మాత్రం పెద్ద జవాబు అక్కర్లేదు. చీలమండల దాకా ఉన్న కాటన్ స్కర్ట్, చీర కుచ్చిళ్లు ఎంత కప్పుతాయో అంతే కప్పుతుంది. 39 ఏళ్లకీ 60 ఏళ్లకీ అది బాగానే ఉంటుంది.

ఇప్పుడు స్కర్ట్ దగ్గరికి వద్దాం. మరక సంగతి మీరు రాసిన తీరు చూస్తే నాకు మీ అమ్మగారి చీర మీద అనుమానం లేదు. నీలిమందు రంగు నీళ్లలో కరిగేది కాదు. దారం పై పొరల్లో పట్టుకుని ఉంటుంది, కొత్తలో ఒరుసుకుంటే అంటుతుంది. కొత్త జీన్స్ రంగు లేత సోఫాకి అంటుకోవడం కూడా ఇదే. కానీ పదేళ్లు ఉతికిన చీరలో అలా ఊడిపోయే రంగు చాలావరకు ఎప్పుడో పోయుంటుంది. మీ మరకలు కుర్తీ లోపలివైపు, సరిగ్గా నడుం దగ్గర. అక్కడ ఉన్నది టైలర్ వేసిన కొత్త గుడ్డ. దానికి చెమట తగిలింది. ఒక తెల్ల గుడ్డ తడిపి నడుం పట్టీని గట్టిగా రుద్దండి, ఇంకో గుడ్డతో కింద పూల భాగాన్ని మెల్లగా రుద్దండి. ఏది అంటుతోందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఉప్పు నీళ్లలో, వెనిగర్‌లో నానబెట్టమని ఎవరైనా చెబితే ఆశ పెట్టుకోకండి. రంగు వదిలే గుడ్డని మార్చేయడమే మంచిది.

పట్టీ తప్పే అయితే ఒక లాభం ఉంది. దాన్ని విప్పక తప్పదు, విప్పినప్పుడే మిగతా రెండు లోపాలూ సరిచేయించుకోవచ్చు. ఒకటి కుచ్చులు, రెండు లైనింగ్.

దానికి ముందు ఒక పరీక్ష చేయండి. పగటిపూట స్కర్ట్‌ని కిటికీకి ఎదురుగా పట్టుకుని వెలుతురులో చూడండి. అమ్మ కూర్చున్న చోట, మోకాళ్లు ఆనిన చోట పాత చీర పల్చబడి ఉంటుంది. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు కనిపించే చోట్లని సుద్దతో గుర్తుపెట్టుకోండి. అవి నడుం పట్టీ దగ్గరే ఉంటే కుట్లు విప్పినప్పుడు బట్ట చిరిగే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు విప్పించకండి, పైన వేసుకునేవాటితోనే సర్దుకుందాం.

బట్ట గట్టిగానే ఉంటే టైలర్‌తో ఇలా చెప్పండి. ముందువైపు కుచ్చులు తీసేసి మడతలు పెట్టి, వాటిని పైనుంచి నాలుగు అంగుళాల దాకా అణిచి కుట్టమనండి. వెనక మాత్రం ఎలాస్టిక్ వేయమనండి. పొట్ట మీద బట్ట సాపుగా కూర్చుంటుంది, భోంచేశాక బిగుసుకోదు. పట్టీకి మీగడ రంగు కాటన్ గుడ్డ చాలు. లోపల మెత్తటి కాటన్ లైనింగ్ వేయించండి, కానీ ఆ గుడ్డని ఒక రాత్రి నానబెట్టి ఆరేసి ఇవ్వండి, లేకపోతే మొదటి ఉతుక్కే కుంచించుకుపోతుంది. లైనింగ్ పై బట్ట కంటే కాస్త తక్కువ వెడల్పుతో ఉండాలి. కూర్చున్నప్పుడు, మెట్లెక్కేటప్పుడు లాగుడంతా లైనింగ్ మీద పడుతుంది, చీర మీద పడదు. మీరు ఆఫీసులో చలికి వణకడానికి సగం కారణం ఈ లైనింగ్ లేకపోవడమే. ఒక్క పొర కాటన్ కాళ్ల చుట్టూ గాలిని ఆపలేదు, రెండు పొరలైతే మధ్యలో గాలి నిలిచి వెచ్చగా ఉంటుంది.

ఇంకో చిన్న పని. చిన్నప్పుడు మనకి కొత్త పరికిణీ కుట్టిస్తే అంచు పైన ఒకటో రెండో అడ్డ మడతలు వేయించేవారు, గుర్తుందా? ఏడాదికొకటి విప్పితే పొడుగు పెరిగేది, విప్పిన చోట ముదురు గీత ఒకటి మిగిలేది. ఇప్పుడు మీ స్కర్ట్‌కి అలాంటి మడత ఒకటి వేయించండి. పొడుగు ఒక అంగుళం తగ్గితే మెట్రో ఎస్కలేటర్ మీద భయం ఉండదు. పైగా రేపు అంచు మళ్లీ చీకితే దాన్ని కత్తిరించేసి ఈ మడత విప్పుకోవచ్చు.

టాప్‌ల సంగతి. కొన్న ఐదింటిలో ఏదీ ఎందుకు కుదరలేదో నాకు అర్థమవుతోంది. పెడన పిల్లకి నేను కలంకారీ గురించి చెప్పడం సాహసమే, అయినా చెబుతాను. అచ్చు వేసే ముందు బట్టని కరక్కాయ కలిపిన నీళ్లలో ముంచుతారు కదా. ఆ పద్ధతిలో చేసిన చీరలో పువ్వు తెల్లగా అనిపించినా అది మల్లెపూవు తెలుపు కాదు, మీగడ తెలుపు. దాని పక్కన సబ్బు ప్రకటనలా మెరిసే తెల్ల కుర్తీ వేస్తే పాపం చీర పాతగా, మాసినట్టుగా కనిపిస్తుంది. మీ తెల్ల కుర్తీ అందుకే నప్పలేదు. నలుపు వేసుకుంటే ఇంకో ఇబ్బంది. నలుపు పక్కన ముదురు నీలం తన లోతు పోగొట్టుకుంటుంది, రెండూ కలిసి ఒకే చీకటి ముద్దలా అవుతాయి. ఆకాశనీలం మీ చీర నీలంతో చుట్టరికం లేని నీలం. పూల మీద పూలు వేసుకుని అందంగా కనిపించేవాళ్లూ ఉన్నారు, కానీ "నైటీ" అన్న మాట ఇప్పటికే విన్నవారికి ఆ టాప్ ధైర్యమివ్వదు. గులాబీది చూడకుండా చెప్పలేను.

పసుపుది మాత్రం ఇంకోసారి బయటికి తీయండి. నిమ్మపండు పసుపైతే పక్కన పెట్టేయండి. పసుపుకొమ్ము విరిస్తే లోపల కనిపించే రంగో, ఆవపిండి రంగో అయితే అది మీకు దొరికేసినట్టే. ఎందుకంటే సహజ రంగుల కలంకారీలో ఆకుల ఆకుపచ్చ వచ్చేదే నీలం, పసుపు కలిసి. ఆ పసుపు మీ స్కర్ట్‌లో దాక్కుని ఉంది. స్కర్ట్‌ని ఎండ నేరుగా పడని వరండాలో పరిచి, ఒక పువ్వు ముందు కూర్చుని ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టండి. నీలం, మీగడ, ఆకుల్లో ఆకుపచ్చ, రేకు చుట్టూ సన్నటి ఎర్ర గీత, నడిమధ్య చుక్కలో ఇంకేదో. అన్నిటికంటే తక్కువ చోట కనిపించే రంగేదో చూసి పైన వేసుకునేది ఆ రంగులో వెతకండి. కొత్తవి కొనక్కర్లేదు. ముందు మీ బీరువా, మీవారి బీరువా, పిల్లల పాత స్వెటర్ల మూట చూడండి.

మీవారి మాట తేలిగ్గా తీసిపారేయొద్దు, దాన్ని పట్టుకుని బాధపడనూ వద్దు. ఆయన కంటికి ఏదో అనిపించింది, ఆ ఏదో ఏమిటో చూద్దాం. మన ఇళ్లలో నైటీలు కుట్టేది ఇలాంటి పూల కాటన్‌తోనే. పూల కాటన్ మీద వదులు కుర్తీ పడితే నడుం ఎక్కడుందో తెలియదు, భుజం నుంచి పాదం దాకా ఒకే జారుడు. కంటికి నైటీ గుర్తొస్తుంది. పైన కాలరున్న చొక్కా పడిందా, ఆ పోలిక పోతుంది. గట్టి బట్ట, బొత్తాలు, ముంజేతి దాకా మడిచిన చేతులు ఉంటే అదే స్కర్ట్ బయటికి వెళ్లే బట్టగా మారిపోతుంది.

అందుకే ఆఫీసుకి నా మొదటి ఎంపిక జీన్స్ గుడ్డ చొక్కా. జీన్స్ నీలం కూడా నీలిమందు వంశమే కాబట్టి రెండు నీలాలూ పక్కపక్కన పోట్లాడుకోవు. లేదంటే మీగడ రంగు మంగళగిరి కాటన్‌తో చొక్కా కుట్టించుకోండి, ఆ నేతకి కాస్త బిగువు ఉంటుంది, కాలర్ నిలబడుతుంది. పొట్ట గురించి బెంగ ఉంటే చొక్కా మొత్తం లోపలికి దోపుకోకుండా ముందువైపు కొంచెం మాత్రం దోపి, పైన బొత్తాలు పెట్టని పల్చటి స్వెటర్ వేసుకోండి. స్వెటర్ రెండు అంచులూ నిలువుగా కిందికి జారి రెండు గీతల్లా కనిపిస్తాయి, చూసేవాళ్ల కన్ను వాటి వెంట పోతుంది. స్వెటర్ పొడుగు తొంటి ఎముక దాకా చాలు. మోకాళ్ల దాకా ఉంటే స్కర్ట్ గేరా అంతా నొక్కేస్తుంది.

ఏసీ చలి ముందు కాళ్లకే తగులుతుంది. చల్లగాలి బరువు, అది కిందికి దిగి డెస్క్ కిందే ఉంటుంది. భుజాల మీద ఎన్ని కప్పుకున్నా అరికాళ్లు చల్లబడితే ఒళ్లు వెచ్చబడదు. స్కర్ట్ లోపల కాటన్ లెగ్గింగ్ వేసుకోండి, మీగడదైనా నీలమైనా సరే. పాలిస్టర్‌ది మాత్రం వద్దు, చలికాలం పొడిగాలికి స్కర్ట్ కాళ్లకి అతుక్కుపోయి నడుస్తుంటే చిరాకు పుడుతుంది. బొటనవేలు విడిగా ఉండే కాటన్ సాక్స్ దొరుకుతాయి, చెప్పుల్లోకి పనికొస్తాయి. ఒక శాలువా ఆఫీస్ డ్రాయర్లోనే ఉంచేయండి. ఎర్ర గీత రంగులో ఉంటే అదే ఆ రోజుకి అలంకారం, ఇంకేం పెట్టుకోకపోయినా నిండుగా ఉంటుంది.

ఇంట్లో వేసుకునేది మాత్రం వేరేలా ఆలోచించండి. మీరు కోరుకున్న "అమ్మ పక్కన కూర్చున్నట్టు" అనేది ఆఫీసులో దొరకదు, ఆదివారం ఉదయం దొరుకుతుంది. డిసెంబర్, జనవరిల్లో పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు కొన్ని రాత్రులు 10 డిగ్రీల కంటే కిందికి పోతుంది. తెల్లారి గచ్చు మీద కాలు పెట్టలేం. ఆ పూట ఒంటికి అంటుకునే మీగడ రంగు నిండుచేతుల బనియన్ వేసుకుని స్కర్ట్ లోపలికి దోపండి. దాని మీద మీకు అన్నిటికంటే ఇష్టమైన, మోచేతుల దగ్గర సాగిపోయిన పాత స్వెటర్ వేసుకోండి. రంగు కలిసిందా లేదా అని ఆ పూట చూడొద్దు. పల్చటి పూల బట్ట మీద లావుపాటి ఊలు ఎప్పుడూ అందంగానే ఉంటుంది. తేలికదీ బరువైనదీ కలిసినప్పుడు వచ్చే హాయి అది. మందపాటి సాక్స్ వేసుకుని కాళ్లు పైకి ముడుచుకుని కూర్చోండి. ఇంట్లో గొంగడి ఉంటే కింద పరుచుకోండి, ఒళ్లో మాత్రం వేసుకోవద్దు. దక్కనీ గొర్రె ఉన్ని గరుకు, పాత కాటన్ దాని రాపిడికి తట్టుకోలేదు.

గుడికో చుట్టాలింటికో వెళ్లాలంటే మోచేతుల దాకా చేతులున్న రవిక, పైన సాదా కాటన్ ఓణీ లాంటి దుపట్టా చాలు. పిన్నిగారి ఇంటికైతే దీంతోనే మొదలుపెట్టండి.

ఇక ఎంత తరచుగా వేసుకోవాలన్న ప్రశ్న. మీరు అడగలేదు, కానీ ఆదివారాలు తీసి చూసి మళ్లీ లోపల పెట్టేయడం వెనక ఉన్నది ఈ భయమేనేమో. వేసుకుంటే అరిగిపోతుంది, అరిగితే అమ్మ ఇంకోసారి పోయినట్టు ఉంటుంది. ఇందులో మీకు అబద్ధం చెప్పలేను. వారానికోసారి వేసుకుని ఉతికితే కొన్నేళ్లలో ఇది జల్లెడవుతుంది. లైనింగ్, కుంకుడుకాయ రసం, తిరగేసి నీడలో ఆరేయడం వీటితో ఆ రోజుని వెనక్కి నెట్టగలరే గానీ ఆపలేరు. ఏడాదికి నాలుగైదుసార్లే వేసుకుంటే చాలాకాలం ఉంటుంది. కాకపోతే ఆ నాలుగైదు రోజులూ చెయ్యి కడుక్కుని ముట్టుకున్నట్టు బతకాలి, మరక పడుతుందని టీ కూడా దూరంగా తాగాలి. హాయి కోసం కుట్టించుకున్నది కాపలా కాయాల్సిన వస్తువవుతుంది. ఇక పెట్టెలో పెట్టేయడమూ ఒక దారే, దాన్ని నేను తప్పనను. అప్పుడు ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, ఉతికిన పాత తెల్ల పంచెలో చుట్టండి. రెండు మూడు నెలలకోసారి తీసి మడత మార్చండి, ఎందుకంటే ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉన్న బట్ట ఆ గీత వెంటే పిగులుతుంది. పెట్టెలో ఉన్నా బట్ట వయసు ఆగదు.

మీ అమ్మగారు ఆ చీర రోజూ కట్టుకున్నారు. పోపు చిట్లింది, పసుపు చేతులు తుడుచుకున్నారు, అంచు చీకిపోయేదాకా నడిచారు. అందుకే మీరు పట్టుచీరలు వదిలి దీన్ని అడిగారు. నాకైతే చలికాలమంతా దాన్ని తనివితీరా వేసుకుని, వేసవిలో విశ్రాంతినివ్వడం బాగుందనిపిస్తుంది. పల్చబడ్డాక బొంతలో పై పొరగా వెళ్తుంది. కానీ చెప్పాను కదా, మనసు ఒప్పకపోతే మూడు దారుల్లో ఏదైనా మీదే.

ఇప్పుడు మీ అక్క. పట్టుచీరల్లో ఆవిడ వాటా ఆవిడకి వచ్చింది కాబట్టి లోటేం జరగలేదని మీకు అనిపించి ఉండొచ్చు, అది సబబే. కానీ వంటింట్లో ఆ నీలం చీరలో తిరిగిన అమ్మ ఆవిడకీ అమ్మే. అడిగితే ఆవిడ "కుట్టించుకోవే" అనేవారేమో. అడగలేదు, చీర చీరగా చివరిసారి చూసుకునే అవకాశం ఆవిడకి రాలేదు. మాట్లాడకుండా ఊరుకుంటే కాలం గడిచి సర్దుకోవచ్చు, చాలా ఇళ్లలో అలాగే సర్దుకుంటుంది. కానీ రేపు ఏ శుభకార్యంలోనో ఆవిడ ఎదురుగా మీరు ఆ స్కర్ట్‌తో నిలబడితే పాత గాయం అందరి ముందూ కెలుకుతుంది. ఫోన్ చేసి "అక్కా, నిన్ను అడగాల్సింది" అని ఒక్క మాట అంటే ఆవిడ పొడిగా "సరేలే" అని పెట్టేయవచ్చు. దానికీ సిద్ధపడి చేయండి. ఆ మాట పక్కన "కానీ" పెట్టకండి, అంచు చీకిపోయింది, లైనింగ్ వేయించాను, ఇవేవీ చెప్పకండి.

చీర అంటే ఐదున్నర మీటర్లు. కుచ్చులు ఎంత దట్టంగా పెట్టినా స్కర్ట్‌కి మూడు, మూడున్నర మీటర్లు పట్టుంటుంది. అంటే ఇంకో రెండు మీటర్ల దాకా ఉండాలి. మీ ఉత్తరంలో పమిట ఊసే లేదు. అమ్మ భుజం మీద ఉన్నది, చెయ్యి తుడుచుకున్నది, మీ ఇద్దరి ముఖాలూ తుడిచింది ఆ ముక్కే. దాంతో అక్కకి ఏదైనా కుట్టించి ఇచ్చేయాలని తొందరపడకండి, ఇంకోసారి ఆవిణ్ణి అడగకుండా కత్తెర పెట్టినట్టవుతుంది. మడత పెట్టి అలాగే తీసుకెళ్లి ఇవ్వండి, ఏం చేసుకుంటారో ఆవిడ ఇష్టం. టైలర్లు మిగిలిన గుడ్డలు ఎక్కువ కాలం ఉంచరు, ఇప్పటికే మూడు నెలలు దాటి ఉంటుంది. నడుం పట్టీ మార్పించడానికి ఎలాగూ వెళ్తారు కదా, ఈ వారమే వెళ్లండి, స్కర్ట్ చేతికిచ్చే ముందు పమిట ముక్క ఎక్కడుందని అడగండి.